చెల్లిని టచ్ థెరపీకి పంపమంటున్నారు, పంపొచ్చా?

బెజవాడ_అక్క:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదివి తెలిసినవాళ్లు చెప్పండి.

మా చెల్లికి 29 ఏళ్లు. అత్తారింట్లో దెబ్బలు తింటూ, ఎవరికీ చెప్పుకోకుండా నెట్టుకొచ్చి నెట్టుకొచ్చి, కిందటి సంక్రాంతికి పుట్టింటికి వచ్చేసింది. విడాకుల కేసు నడుస్తోంది. ఇప్పుడు తన మీద చెయ్యెత్తేవాళ్లు ఎవరూ లేరు, మా ఇంట్లో గట్టిగా మాట్లాడేవాళ్లు కూడా లేరు, అయినా ఒంట్లో భయం మాత్రం పోవట్లేదు. ఎవరైనా వెనకనుంచి వస్తే భుజాలు రెండూ చెవుల దాకా లేచిపోతాయి, ఊపిరి బిగబట్టేస్తుంది. వంటింట్లో గిన్నె జారి పడితే చాలు, చేతులు చల్లబడిపోయి, బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుంటుంది. నిద్రలో పళ్లు ఎంత గట్టిగా నూరుతుందంటే పక్క గదిలోకి వినిపిస్తుంది, దవడ పళ్లు అరిగిపోయాయని డెంటిస్టు చెప్పారు. కడుపులో మంట అంటే ఎండోస్కోపీ చేయించాం, థైరాయిడ్, బీ12 కూడా చూశారు, అన్నీ నార్మల్. "టెన్షన్ తగ్గించుకోమ్మా" అని పంపేశారు. చిన్నప్పటినుంచి ఆదివారం వస్తే అమ్మ ముందు పీట వేసుకుని తలకు నూనె రాయించుకునే పిల్ల, ఇప్పుడు అమ్మ చెయ్యి తల మీద పడితే ఉలిక్కిపడి లేచిపోతోంది.

సైకియాట్రిస్టుకు చూపించాం, మందులు రాశారు, నిద్ర కాస్త మెరుగైంది. కౌన్సెలింగ్‌లో మాత్రం జరిగింది చెప్పబోయేసరికి గొంతు పూడుకుపోయి, మాట పెగలకుండానే తిరిగొస్తోంది.

ఇప్పుడు మా ఆఫీసులో ఒకావిడ హైదరాబాద్‌లో ఒక చోటు గురించి చెప్పారు. మూడు రోజుల క్యాంపట, 18,000 రూపాయలు. పొట్ట మీద, మెడ మీద, వీపు మీద చేతులు పెట్టి, కండరాల్లో పేరుకుపోయిన బాధను బయటికి రప్పిస్తారట, మనిషి భోరున ఏడ్చి తేలికైపోతుందట. మనసు మర్చిపోయినా ఒళ్లు మర్చిపోదు అంటున్నారు. వింటే నిజమే అనిపిస్తోంది, చెల్లిని చూస్తే ఇంకా నిజమనిపిస్తోంది. అమ్మేమో దడుపు పట్టింది, అంత్రం కట్టిద్దాం అంటుంది. నాన్న ఏమీ అనరు. తాకితేనే వణికే పిల్లను తాకే వైద్యానికి పంపొచ్చా? దీని వెనక సైన్స్ ఏమైనా ఉందా? పంపాలన్నా భయమే, పంపకుండా ఊరుకోవాలన్నా భయమే.

సాగరతీరం:

అక్కా, నేను విశాఖలో క్లినికల్ సైకాలజిస్టుని. మీ చెల్లిని చూడకుండా రోగం పేరు చెప్పలేను, కానీ మీరు రాసిన ప్రతి లక్షణం మా దగ్గరికి రోజూ వస్తుంది. ముందు ఒక్క మాట: ఆ మూడు రోజుల క్యాంపుకు పంపకండి. ఎందుకు వద్దంటున్నానో చెప్తాను.

ఒంట్లో భయం ఉండిపోతుంది అన్న మాట నిజమే. దెబ్బ పడబోతోందంటే ఎవరి ఒళ్లైనా ఎదిరించాలనో పారిపోవాలనో చూస్తుంది, రెండూ కుదరనప్పుడు కొయ్యబారిపోతుంది. ఏళ్ల తరబడి రోజూ ఇదే జరిగితే మెదడు ఆ కాపలా మానదు. భుజాలు బిగుసుకోవడం, దవడ కొరుక్కోవడం, ఊపిరి పైపైన తీసుకోవడం, కడుపు మెలిపెట్టడం, ఇవన్నీ ఆ కాపలా పనులే. రిపోర్టులు నార్మల్ వచ్చినా ఆ పిల్లకు నొప్పి నిజంగానే ఉంది, ఇంట్లో ఎవరూ "ఏమీ లేదన్నారుగా" అనకండి. కాకపోతే బాధ కండరంలో గడ్డలా పేరుకుని ఉంటుంది, నొక్కితే బయటికి వచ్చేస్తుంది అనేది మాత్రం నిజం కాదు. నొక్కితే ఏడుపు రావచ్చు. ఏడ్చినంత మాత్రాన నయమైనట్టు కాదు, కొందరికి ఆ తర్వాత వారం రోజులు పీడకలలు పెరుగుతాయి.

శరీరం ద్వారా మనసుకు వైద్యం చేయడం కొత్తేమీ కాదు. ఫ్రాయిడ్ దగ్గర పనిచేసిన విల్హెల్మ్ రైఖ్ 1930ల్లోనే, మనిషి తన భయాన్ని కండరాల బిగువుగా ఒంటికి కవచంలా తొడుక్కుంటాడని చెప్పాడు. 1970ల నుంచి అమెరికాలో పీటర్ లెవిన్ పెంచుకుంటూ వచ్చిన సొమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్ పద్ధతిని ఇప్పుడు మన దేశంలోనూ నేర్చుకున్నవాళ్లున్నారు. అందులో జరిగింది మొత్తం చెప్పించరు. పాదాలు నేలకు ఎలా ఆనుతున్నాయి, గొంతులో ఏమవుతోంది, ఎక్కడ కాస్త హాయిగా ఉంది, ఇలా గమనించమంటారు. భయాన్ని కొంచెం తాకి మళ్లీ హాయిగా ఉన్న చోటికి తీసుకొస్తారు, మళ్లీ కొంచెం. చేత్తో తాకడం అందులో తప్పనిసరి కాదు, చాలామందికి ఎన్నో సెషన్లు అసలు తాకకుండానే జరుగుతాయి. మీకు చెప్పిన క్యాంపు పద్ధతి దీనికి సరిగ్గా తిరగేసి ఉంది చూడండి.

పరిశోధన సంగతి. 2004 సునామీ తర్వాత తమిళనాడు జాలరి పల్లెల్లో 150 మందికి ఇలాంటి శరీర చికిత్స ఒక్కొక్కరికి ఒక్క సెషన్ చేసి, ఎనిమిది నెలల తర్వాత మళ్లీ చూశారు, ఎక్కువమందికి బాగా తగ్గిందని 2008లో రాశారు. కానీ పోల్చి చూడటానికి చికిత్స అందని గుంపు లేదు, కాబట్టి కాలం గడిచి తగ్గిందా, చికిత్సతో తగ్గిందా తేల్చలేం. 2017లో ఇజ్రాయెల్‌లో 63 మంది పీటీఎస్‌డీ (పెద్ద దెబ్బ తిన్నాక వదలని భయం, పీడకలలు, ఉలికిపాటు) ఉన్నవాళ్ల మీద పదిహేను సెషన్ల సొమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్‌ను పద్ధతిగా పరీక్షించారు, ఇందులో చికిత్స కోసం ఇంకా వేచి ఉన్న గుంపుతో పోల్చారు, లక్షణాలు గట్టిగానే తగ్గాయి. ఆశ పెట్టుకోదగ్గ ఫలితమే, అయినా చిన్న అధ్యయనం. దీనికంటే ఎంతో ఎక్కువ ఆధారం ఉన్నవి ట్రామా, అంటే మానని మానసిక గాయం మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పేది), ఈఎండీఆర్ (జ్ఞాపకాన్ని మనసులో తలుచుకుంటూ కళ్లను అటూ ఇటూ కదిపించేది). ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో పీటీఎస్‌డీకి సిఫారసు చేసినవాటిలో ఈ రెండూ ఉన్నాయి. మాట పెగలని మీ చెల్లికి ఈఎండీఆర్ నప్పవచ్చు, జరిగినదంతా నోటితో వివరంగా చెప్పక్కర్లేదు.

ఇంకొకటి, ఎవరి చెయ్యి అన్నది చాలా పెద్ద విషయం. 2006లో అమెరికాలో 16 మంది పెళ్లయిన స్త్రీలకు కరెంట్ షాక్ కొడతామని బెదిరిస్తూ మెదడును స్కాన్ చేశారు. భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు మెదడులో భయానికి సంబంధించిన స్పందన బాగా తగ్గింది, పరాయి మనిషి చెయ్యి పట్టుకుంటే అంత తగ్గలేదు. భార్యాభర్తల మధ్య సఖ్యత ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ తగ్గింది. స్పర్శ మందు అవుతుందంటే నమ్మకం ఉన్న చోటే. ముక్కూ మొహం తెలియనివాళ్లు మొదటి రోజే పొట్ట మీద చేతులు పెడితే మీ చెల్లి మళ్లీ కొయ్యబారిపోతుంది, కదలకుండా పడుకుంది కదా అని వాళ్లు దాన్ని ప్రశాంతత అనుకుంటారు.

ఓస్లోలో_ఒంగోలు:

నేను ఇలాంటి చికిత్స చేయించుకున్నాను కాబట్టి రాస్తున్నా. నాది గృహహింస కాదు, నార్వేలో మంచు రోడ్డు మీద కారు జారి లోయ అంచున ఆగిన యాక్సిడెంట్. ఎముకలు అతుక్కున్నాయి కానీ నడుము నొప్పీ నిద్ర పట్టకపోవడమూ పోలేదు, కారులో పక్క సీట్లో కూర్చున్నా లేని బ్రేకు తొక్కుతూనే ఉండేవాణ్ని. డాక్టరు నన్ను సైకోమోటార్ ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపారు. ఇక్కడ అదొక ప్రత్యేక శాఖ, 1940ల్లో ఓస్లోలో ఓడెల్ బ్యూలో-హన్సెన్ అనే ఫిజియోథెరపిస్టు, ట్రిగ్వే బ్రాటోయ్ అనే సైకియాట్రిస్టు కలిసి మొదలుపెట్టారు. మామూలు ఫిజియో చదువు మీద ఇంకా చదివితేనే ఈ పని చేయనిస్తారు. ప్రభుత్వ ఒప్పందం ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్తే మనం కట్టేది కొంతే.

ఆవిడ మొదట్లో నన్ను ముట్టుకోనే లేదు. నిలబడమన్నారు, కూర్చోమన్నారు, ఊపిరి చూశారు. "నీ మోకాళ్లు వెనక్కి బిగించి పెట్టావు, కాలి వేళ్లతో నేలను పట్టుకుంటున్నావు, తెలుసా?" అన్నారు. నాకు తెలియదు. చూసుకుంటే నిజంగానే సాక్సు లోపల వేళ్లు ముడుచుకుని ఉన్నాయి. ఎంతకాలంగా అలా నడుస్తున్నానో! తర్వాత ఎప్పుడో పిక్క మీద చెయ్యి పెట్టొచ్చా అని అడిగి, సరే అన్నాక పెట్టి, నొక్కుతూ నా కాలు కంటే ఎక్కువగా నా ఊపిరిని చూసేవారు. ఊపిరి ఆగితే చెయ్యి ఆపేసేవారు. నేనేమీ అనకుండానే ఆపేసేవారు. ఆ ఆపడమే నన్ను బాగు చేసిందని నేను గట్టిగా నమ్ముతాను. కొన్ని నెలలు పట్టింది. భోరున ఏడ్చిందీ లేదు, అద్భుతం జరిగిందీ లేదు, ఒక రోజు బస్సులో కూర్చుని ఆవులించాను, యాక్సిడెంట్ తర్వాత అంత నిండుగా ఆవులించడం అదే మొదలు.

అక్కడ మన దగ్గర ఇలాంటి శాఖ లేకపోవచ్చు, కానీ మంచి ఫిజియో, మంచి సైకాలజిస్టు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ పనిచేసే చోటు దొరికితే వదలకండి.

పేరు_చెప్పను:

అక్కా, నేను ఇలాంటి ఒక సెంటర్‌కి వెళ్లి వచ్చినదాన్ని. ఏ ఊరో, ఎవరో చెప్పను. భుజాలూ వీపూ మాత్రమే అన్నారు, పడుకున్నాక చేతులు ఇంకెక్కడికో వెళ్లాయి. ఆపండి అన్నాను. "ఈ వద్దు అనేది నువ్వు కాదు, నీలోని ట్రామా, దాన్ని దాటాలి" అన్నాడు. ఆ మాట ఎవరి నోట విన్నా అక్కణ్నించి లేచి వచ్చేయండి. వద్దు అంటే ఆపని మనిషి దగ్గర వైద్యం ఉండదు.

అక్కడితో అయిపోలేదు. నీ తుంటి బిగుసుకుంది, అంటే చిన్నప్పుడు దగ్గరి బంధువు ఎవరో నిన్ను ఏదో చేసి ఉంటారు, నీకు గుర్తు లేదు అంతే, అన్నాడు. నెలల తరబడి మా మేనమామ మొహం చూడలేకపోయాను. నన్ను ఎత్తుకు పెంచిన మనిషి. ఏమీ జరగలేదని తర్వాత ఒక మంచి సైకాలజిస్టు దగ్గర కూర్చుని నిదానంగా తేల్చుకున్నాను, కానీ ఆ నెలలు నాకు ఎవరు తిరిగిస్తారు. దయచేసి చెల్లిని ఒంటరిగా ఎక్కడికీ పంపొద్దు.

సాగరతీరం:

పేరు_చెప్పను గారూ, రాసినందుకు దండం పెడుతున్నాను. మీరు చెప్పిన రెండోది చాలామందికి తెలియని ప్రమాదం. కండరం బిగువును చూసి గతంలో ఏం జరిగిందో చెప్పగలిగే విద్య ప్రపంచంలో లేదు. 1980లు, 90ల్లో అమెరికాలో థెరపిస్టుల సూచనలతో లేని జ్ఞాపకాలు పుట్టి, కుటుంబాలు విరిగి, కోర్టుల దాకా వెళ్లిన కేసులు బోలెడు.

మొదటిది, వద్దన్నా ఆపకుండా తాకడం, నేరం. భారతీయ న్యాయ సంహితలో 74వ సెక్షన్ కిందికి వస్తుంది, థెరపీ అని పేరు పెట్టినంత మాత్రాన నేరం కాకుండా పోదు. ఎప్పుడైనా ఫిర్యాదు చేయాలనిపిస్తే 181 మహిళా హెల్ప్‌లైన్‌తో మొదలుపెట్టండి. చేయాలనిపించకపోతే అదీ మీ ఇష్టమే, ఎవరూ మిమ్మల్ని తొందరపెట్టకూడదు.

ఫార్మా_రవి:

ఒక ప్రశ్న. ఆ సెంటర్ వాళ్లు క్రేనియోసేక్రల్ అని ఏమైనా అన్నారా? తల ఎముకల కింద ద్రవం లయను వేళ్లతో పసిగట్టి సరిచేస్తామంటారు. నాకు తెలిసి ఒకే మనిషిని ఇద్దరు థెరపిస్టులు చూస్తే ఇద్దరికీ వేర్వేరు లయ దొరుకుతుంది. అలాంటిదానికి 18,000 పోయడం కంటే ఆ డబ్బు పెట్టి సరైన సైకాలజిస్టు దగ్గర ఎన్ని సెషన్లు వస్తాయో లెక్క వేసుకోండి. మసాజ్‌తో ఒళ్లు తేలికపడుతుంది, నిద్ర పడుతుంది, నేను కాదనను, మా అమ్మమ్మ బాలింతలకు ఒళ్లు పట్టేది, ఆ చేతుల విలువ నాకు తెలుసు. కానీ ట్రామా నయం చేస్తాం అని బోర్డు పెడితే దానికి తగ్గ చదువు ఉండాలి కదా.

ఓరుగల్లు_నర్సమ్మ:

బిడ్డా, నేను రిటైరైన నర్సును. పెద్ద చదువుల సంగతి పైన మేడం మంచిగా చెప్పింది, నేను ఇంటి సంగతి చెప్తా.

మీ అమ్మ చెయ్యి పడితే ఉలిక్కిపడుతోందని రాసినవు. ఇప్పుడు అమ్మ ఆమెకు నూనె రాయడం ఆపేయాలె. ఆమెనే అమ్మకు రాయమను. పీట మీద అమ్మ కూర్చోవాలె, వెనక బిడ్డ కూర్చోవాలె. అప్పుడు చెయ్యి ఆమెదే, ఎంతసేపు రాయాల్నో, ఎప్పుడు ఆపాల్నో ఆమె ఇష్టం, ఆమె వెనక ఎవరూ ఉండరు. కాలిన గాయాల వార్డులో మేం పట్టీ ఒక్కసారి పీకం, తడిపి తడిపి, ఆగి ఆగి తీస్తాం, పేషెంటు చెయ్యెత్తితే ఆగుతాం, ఇదీ అంతే. కొన్నాళ్లకు ఆమెనే అడుగుతుంది, అడగకపోతే అడగకపోనీ. గదిలోకి వచ్చే ముందు ఇంట్లో అందరూ పేరు పెట్టి పిలిచి రావాలె. వెనకనుంచి భుజం తట్టొద్దు. బాత్రూంలో గడియ పెట్టుకుంటే తలుపు బాదొద్దు, బయట కూర్చుని ఇక్కడే ఉన్నా అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి.

అంత్రం సంగతి. ఆ పిల్లకు ఇష్టమైతే కట్టించండి, అమ్మ మనసు కూడా నెమ్మదిస్తది, దారం ఏం చేయదు. కానీ ఎవరో ముసలమ్మ మీద మీద పడి వేపమండలతో కొట్టే చోటికి తీసుకుపోకండి. మందులు ఆపొద్దు.

సాగరతీరం:

అమ్మా, ఇంత బాగా నేను కూడా చెప్పలేను. మీ నూనె మాటకు శాస్త్రం కూడా తోడుంది. మన చర్మంలో, వెంట్రుకలున్న చోట, మెత్తగా నిదానంగా నిమిరితేనే మేల్కొనే ఒక రకం నరాలున్నాయి. స్వీడన్ పరిశోధకులు 1990ల నుంచి వీటి మీద పనిచేశారు, సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో, మనిషి చేతికి ఉండే వెచ్చదనంతో నిమిరితే ఇవి బాగా స్పందిస్తాయి. జోకొట్టే చెయ్యి, తల నిమిరే చెయ్యి వెళ్లే వేగం అదే. తన చేతిని తనే ఇలా నిమురుకోవచ్చు కూడా, రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని నిదానంగా భుజం నుంచి మోచేతి దాకా. ఇది చికిత్స కాదు, భయం ఎక్కువైన పూట చేసుకునేది.

బెజవాడ_అక్క:

అందరికీ చేతులెత్తి నమస్కారం. మధ్యాహ్నం ఆ క్యాంపు వాళ్లకు ఫోన్ చేశాను. ఎవరు చేస్తారు, ఏం చదివారు అని అడిగితే "డిగ్రీలతో పని ఏముందండీ, గురువుగారి చేతిలో ఎనర్జీ ఉంది" అన్నారు. చెల్లి పక్కన నేను కూర్చోవచ్చా అంటే కుదరదన్నారు, మధ్యలో ఆపమంటే ఆపుతారా అంటే ప్రాసెస్ మధ్యలో ఆపకూడదన్నారు. ఫోన్ పెట్టేశాను. పంపట్లేదు.

ఇవన్నీ చెల్లికి చదివి వినిపించాను. కాలి వేళ్ల దగ్గరికి వచ్చేసరికి తన కాళ్లు చూసుకుంది, "నావీ అంతే అక్కా" అంది. తన ఒంటి గురించి తను నోరు విప్పి మాట్లాడింది ఇన్నాళ్లకు ఇప్పుడే. సాగరతీరం గారూ, ఈఎండీఆర్ అన్నారు కదా, ఎవరిని వెతకాలి, ఏం అడగాలి? ఖర్చు కూడా చూసుకోవాలి, కోర్టుకే చాలా అవుతోంది.

సాగరతీరం:

మంచి కబురు చెప్పారు. తన కాళ్లు తనే గమనించింది చూడండి, ఆ పని ఇంట్లో మొదలైపోయింది.

క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐలో నమోదు ఉండాలి, ఆ నంబరు అడగండి, అడిగితే ఏమీ అనుకోరు, అనుకుంటే ఆ మనిషి వద్దు. ఈఎండీఆర్ శిక్షణ ఎంతవరకు అయింది, గృహహింస నుంచి బయటపడ్డవాళ్లతో పనిచేశారా అని అడగండి. మొదటి రోజే చేదు జ్ఞాపకాల్లోకి దిగరు, ముందు కొన్ని సెషన్లు నిలదొక్కుకోవడం నేర్పిస్తారు, అలా కాకుండా వెంటనే మొదలుపెడదాం అంటే తొందర పడుతున్నట్టు. మహిళా థెరపిస్టు కావాలని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పండి, తలుపు వైపు మొహం పెట్టి కూర్చునే కుర్చీ అడగండి, ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ మీ చెల్లి లాంటివాళ్లకు ఊపిరి ఆడేది అక్కడే. యోగా ఇష్టమైతే ట్రామా కోసం మార్చిన యోగా నేర్పేవాళ్లున్నారేమో చూడండి, అందులో టీచరు వచ్చి చేత్తో ఒళ్లు సర్దరు, ఇష్టమైతే చెయ్యి లేకపోతే మానెయ్ అంటారు. 2014లో అమెరికాలో ఏ చికిత్సకూ తగ్గని పీటీఎస్‌డీ ఉన్న 64 మంది స్త్రీలకు వారానికో గంట చొప్పున పది వారాలు పరీక్షించి చూశారు, యోగా చేసినవాళ్లలో సగం మందికి పైగా పీటీఎస్‌డీ నిర్ధారణ నుంచి బయటపడ్డారు, యోగా చేయని గుంపులో ఐదుగురిలో ఒకరే.

ఖర్చు కుదరకపోతే విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆస్పత్రి ఉన్నాయి, పేరు వినగానే ఇంట్లోవాళ్లు జంకుతారు, జంకాల్సిన పని లేదు. రాత్రిపూట మరీ కష్టంగా ఉంటే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. సైకియాట్రిస్టు చీటీలు, పళ్ల డాక్టరు రిపోర్టు, ఎండోస్కోపీ కాగితాలు అన్నీ తేదీలవారీగా ఒక ఫైల్లో పెట్టండి, థెరపిస్టుకూ కావాలి, మీ లాయరు గారికి కూడా ఒకసారి చూపించండి. ఆ ఫైలు ఎవరికి ఏది చూపించాలో మాత్రం మీ చెల్లినే అడిగి చేయండి.